రాజమణి ముక్కు

ధూల్‌పేటలో వినాయక విగ్రహాలకు కళ్లు దిద్దే గుండయ్యకు వాసన తెలియదు. ఏళ్ల తరబడి స్ప్రే గన్‌తో రంగులు కొట్టి కొట్టి ముక్కు చచ్చిపోయింది. అంతకుముందు ఆ ముక్కంటే ఇంట్లో అందరికీ హడల్. కూర నోట్లో పెట్టకుండానే వాసన చూసి, "కుక్క గూడ తినది" అని కంచం తోసేసేవాడు. చుట్టాలున్నా అంతే. భార్య రాజమణి ఆ కంచం తీసి, ఇంకో కూర వండేది.

ఇప్పుడు ఆమె ముక్కే ఆయన ముక్కు.

కూతురు కీర్తిప్రియ తెచ్చిచ్చిన కొంబుచాను గుండయ్య సాకుతున్నాడు. గాజు సీసాలో తీపి చాయ్ డికాక్షన్, దాని మీద అట్టులాంటి తెల్లటి పొర. ఆ పొర బతికుంటేనే డికాక్షన్ పులిసి తాగడానికి పనికొస్తుంది. మనవలను ఏనాడూ ఎత్తుకోని మనిషి, ఆ సీసాను రెండు చేతులా ఎత్తి వెలుతురులో చూస్తాడు. పొర మీద పొడిపొడిగా నూగు పుడితే బూజు, పారేయాలి. కింద గోధుమరంగు పోగులు వేలాడితే ఫికర్ లేదు. కళ్లకు తెలిసేదంతా ఆయనకు తెలుసు. కుళ్లిందో లేదో మాత్రం రాజమణి చెప్పాలి.

నిన్న పక్కింటి ప్రేమ్‌రాజ్ తనకూ ఒక పొర కావాలని వచ్చాడు. "వాసన వదినెనే సూస్తదా?" అన్నాడు.

"ముక్కొక్కటే పనికొస్తది భాయ్. మిగిలిందంత దండగ."

ఇద్దరూ నవ్వారు. గ్లాసులు తీస్తున్న రాజమణి కూడా నవ్వింది.

ఈ పొద్దున గుండయ్య సీసా మీది బట్ట విప్పి ఆమె ముందుకు జరిపాడు. "సూడే. ప్రేమ్‌రాజ్ వస్తడు."

ఆమె వంగింది. కొత్త సిర్కాలా, వెనిగర్‌లా ఘాటైన, శుభ్రమైన పులుపు. లేచి కొంగుతో ముక్కు మూసుకుంది.

"మురిగింది."

"ఏంది? బూజు లేదు, పొర తెల్లగున్నది. మల్ల జూడు."

మళ్లీ వంగింది. ఈసారి తీరిగ్గా పీల్చింది. "కుక్క గూడ తాగది."

"నా కండ్లకైతే మంచిగనే..."

"గట్లయితే కండ్లతోనే తాగు. ప్రేమ్‌రాజన్నకు గూడ పొయ్యి. ఆయనింట్ల చిన్నపిల్లలున్నరు."

గుండయ్య సీసాను ఇంకోసారి వెలుతురులోకి ఎత్తి చూశాడు. వాకిట్లోకి వెళ్లి మురికినీళ్ల మోరీ మీద వంచాడు. పొర జారి గట్టున బురదలో పడింది. రాజమణి చీపురుతో దాన్ని చీల్చి మోరీలోకి తోసింది.

ఖాళీ డబ్బాతో వచ్చిన ప్రేమ్‌రాజ్ గుమ్మంలో ఆగిపోయాడు. "అరె గుండన్నా! సిర్కా వాసన గల్లీ దాంక మస్తు కొడ్తుంది. గింత మంచిదాన్ని పారబోసినవేంది?"

గుండయ్య భార్య వైపు తిరిగాడు. ఆమె చీపురు కడుగుతోంది.

మధ్యాహ్నం పప్పు, వంకాయ కూర వడ్డించింది. ఆయన ముద్ద కలిపి, నోటిదాకా తెచ్చి ఆపాడు.

"వాసన మంచిగనే ఉన్నదా?"

రాజమణి ఎదురుగా కూర్చుంది.

"తిని సూడు."