ఆదివారం మాట్నీలో మా అత్తగారు

మా అత్తగారు పోయిన గురువారం ఉదయం టొరంటో శివారు స్కార్‌బరోలో, ఆసుపత్రి మంచం మీద కన్నుమూశారు. మా ఆయన వరండాలో నిలబడి తెనాలికీ హైదరాబాదుకీ ఫోన్లు చేస్తుంటే నేను వాంకూవర్‌కి చేశాను. అక్కడింకా తెల్లవారలేదు. ఫోనెత్తిన మనిషి నా గొంతు వినగానే "అత్తగారా?" అన్నాడు. అవునన్నాను. "ఐ యామ్ కమింగ్" అని పెట్టేశాడు.

అతను మాకు చుట్టం కాదు. ఒకప్పుడు మా ఎదురు ఫ్లాటులో అద్దెకున్న అబ్బాయి. లండన్‌లో పుట్టి పెరిగిన నైజీరియా వాళ్ళ పిల్లవాడు, నటుడు. నేను పిలవడం విని 'అత్తగారు' అన్నదే ఆవిడ పేరనుకున్నాడు. సంగతి తెలిశాక కూడా మార్చుకోలేదు. ఆవిడకీ అదే నచ్చింది. "కూతురు లేకపోయినా అల్లుడొచ్చాడు" అని అందరికీ చెప్పుకునేవారు.

అతను దిగిన కొత్తలో ఆ తలుపు వెనక ఒకటే అరుపులు. బిల్డింగ్ ఆఫీసుకి కంప్లైంట్ చేద్దామని నేను ఫోను తీస్తే అత్తగారు ఆపారు. వెళ్ళి ఆ తలుపుకి చెవి ఆనించి విన్నారు.

"ఇది దెబ్బలాట కాదమ్మాయ్, డైలాగు. నిజంగా కోపమొచ్చినవాడు ఇంత జాగ్రత్తగా ఊపిరి తీసుకుంటాడా?"

ఆవిడకి తెలియక ఎవరికి తెలుస్తుంది! పెళ్ళికి ముందూ, పెళ్ళయిన తర్వాత కొన్నేళ్ళూ ఆవిడ పద్యనాటకాల కంపెనీలో వేషాలు కట్టారు. ఎక్కువగా రాజు వేషాలే. ఆడమనిషి మీసం పెట్టుకుని గద్దె ఎక్కితే చూడటానికి ఊళ్ళకి ఊళ్ళు కదిలొచ్చేవని చెప్పేవారు. కొంచెం పెంచే చెప్పేవారనుకోండి.

ఆ సాయంత్రం స్టీలు గ్లాసులో మిరియాల చారు పోసుకుని, నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి ఎదురు తలుపు కొట్టారు. గొడవకొచ్చామనుకుని అతను తలుపు తీస్తూనే సారీ చెప్పడం మొదలుపెట్టాడు. ఆవిడ గ్లాసు చేతిలో పెట్టి, తన గొంతు మీద వేలుంచి "త్రోట్. గుడ్" అన్నారు. అతను రెప్ప వెయ్యకుండా గటగటా తాగేసి, బాగుందనీ, తన తల్లి ఇంతకంటే ఘాటుగా చేస్తుందనీ అన్నాడు. ఆ రెండో ముక్క నేను తెలుగులో చెప్పకుండా ఉండాల్సింది. మర్నాటి చారులో మిరియాలు రెట్టింపయ్యాయి.

అలా అలవాటై మా వంటింట్లో కూర్చుని తన సంగతులన్నీ చెప్పేవాడు. లండన్‌లో డ్రామా స్కూల్లో చదివాడు. ఒక డిటెక్టివ్ సీరియల్లో కథ మొదలవకముందే శవమయ్యాడు. ఇంకోదాంట్లో ఆసుపత్రి స్ట్రెచర్ తోశాడు. ఒక వ్యాపార ప్రకటనలో గొడుగు పట్టుకుని నవ్వాడు. టొరంటోలో ఏదో నాటకంలో చిన్న వేషం దొరికితే వచ్చి, వర్క్ పర్మిట్ ఉన్నన్నాళ్ళు చూద్దామని ఉండిపోయాడు. పొద్దున కాఫీ షాపులో పని, మిగతా రోజంతా ఆడిషన్లు. శవం వేషం గురించి సిగ్గుపడుతూ చెబితే అత్తగారు ఒప్పుకోలేదు. "శవం వెయ్యడం మాటలా? రాజైతే ఊపిరైనా పీల్చుకోవచ్చు" అన్నారు.

వాళ్ళమ్మ లండన్‌లో నర్సు. ఒక్కతే ముగ్గురు పిల్లల్ని పెంచింది. పెద్దవాళ్ళిద్దరూ ఉద్యోగాల్లో స్థిరపడ్డారు, ఇతనొక్కడే ఇలా. ఆ చలికాలం ఆవిడ ఖండితంగా చెప్పేసిందట, ఈసారి సరైన వేషం దొరికి నిలబడకపోతే వచ్చి అన్నయ్య ఆఫీసులో చేరాలని. అతనూ సరేనని మాటిచ్చాడు. ఆ మాట చెబుతూ పెరుగన్నం కంచంలో వేలితో గీతలు గీస్తూ కూర్చున్నాడు. అతన్ని అంత దిగులుగా నేనెప్పుడూ చూడలేదు.

"తల్లి తప్పేం లేదు" అన్నారు అత్తగారు. "పిల్లవాడు ఆకలితో పడుకుంటాడేమోనని ఏ తల్లికైనా ఉండే భయమే ఆవిడది."

ఇప్పుడు ఆడిషన్లు ఎవరి ఇంట్లో వాళ్ళే ఫోనులో వీడియో తీసి పంపుతున్నారు. సెల్ఫ్ టేప్ అంటారు. కెమెరా పక్కన నిలబడి అవతలి పాత్ర మాటలు చదవడానికి ఒక మనిషి కావాలి. ఆ పని నాకు పడింది. నేను ఐటీ మనిషిని. తల్లీకొడుకుల పోట్లాట సీను పొద్దుటి టీమ్ మీటింగ్‌లో స్టేటస్ చెప్పినట్టు చదివాను. అత్తగారు కాసేపు ఓర్చుకుని కాయితం నా చేతిలోంచి లాక్కున్నారు.

"వేషం వేసేది నోరు కాదమ్మాయ్, చెవి. నువ్వు అతను చెప్పేది వినడమే లేదు. సంగతేమిటో తెలుగులో చెప్పు, నేను చేస్తా."

కొడుకు ఇల్లొదిలి పోతున్నానంటున్నాడని చెప్పాను. అంతే. అతను ఇంగ్లీషులో విరుచుకుపడటం, ఈవిడ తెలుగులో అందుకోవడం. చివర అతను తలుపు దాకా వెళ్ళాక ఈవిడ గొంతు తగ్గించి "పోతే పో. అన్నం తిని పో" అన్నారు. అర్థం తెలియకపోయినా అతను నిజంగానే తడబడి ఆగిపోయాడు. ఆ టేపే పంపాడు. తర్వాత ఫోన్ చేసిన దర్శకురాలు ముందు అడిగింది ఆ భాష ఏమిటని. రెండో మాటగా వేషం ఖాయమని చెప్పింది.

డౌన్‌టౌన్‌లో ఒక చిన్న థియేటర్, మొదటిసారి ముఖ్యపాత్ర. చనిపోయిన తండ్రి సెలూన్ అమ్మేయడానికి వచ్చి అమ్మలేకపోయే కొడుకు కథ. కానీ మొదలైన వారమే జనం పలచబడ్డారు. ఆఖర్న, కొనడానికి వచ్చినామెకి తాళం ఎందుకివ్వలేడో చెప్పే పెద్ద డైలాగొకటి ఉంది. అది హాల్లోవాళ్ళకి తగలడం లేదని దర్శకురాలు అంటోందనీ, వచ్చే వారానికల్లా కుదరకపోతే వేరేవాళ్ళని పెడతారనీ చెప్పి, ఆదివారం మాట్నీకి మా ఇద్దరికీ టికెట్లిచ్చాడు. మొహంలో కళ లేదు.

అత్తగారు పట్టుచీర కట్టారు, దానిమీద మోకాళ్ళదాకా కోటు, కింద స్నో బూట్లు. "నాటకానికెళ్ళే తీరు ఇదీ" అంటూ బస్సూ సబ్‌వే పొడుగునా కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకునే వచ్చారు. హాలు సగం ఖాళీ. దగ్గులు, కోట్లు సర్దుకునే చప్పుళ్ళు. ఆ పెద్ద డైలాగు వచ్చింది. అతను వేదిక ముందుకొచ్చి గొంతెత్తి చెప్పాడు. నాకు బాగానే ఉందనిపించింది. అయిపోయింది. నిశ్శబ్దం.

"వన్స్ మోర్!"

మైకుల్లేని రోజుల్లో ఆరుబయట ఆఖరి వరసకి వినిపించిన గొంతది. హాలంతా తిరిగి చూసింది. భూమి చీలితే దూకేద్దామనిపించింది నాకు. మన పద్యనాటకాల్లో ఇది మామూలే కదా. పద్యం నచ్చితే వన్స్ మోర్ అంటారు, కథ ఎక్కడిదక్కడ ఆపి నటుడు మళ్ళీ అందుకుంటాడు. టొరంటోలో అలా అడగరని ఆవిడకి చెప్పాలని నాకు తట్టనే లేదు. వెనక ఎవరో నవ్వారు. చీకట్లో ఒక మనిషి టార్చితో మా వరస వైపు రావడం మొదలుపెట్టాడు. వేదిక మీద సెలూన్ కొనడానికొచ్చిన పాత్రధారి తల దించుకుంది.

అతను మా వైపు చూడలేదు. వెనక్కి నడిచి సెలూన్ షట్టర్ దాకా వెళ్ళి, దానిమీద చెయ్యి వేసి, మొదటినుంచీ మళ్ళీ చెప్పాడు. ఈసారి గొంతెత్తలేదు. మొదటిసారి మాకు చెప్పాడు, రెండోసారి ఆ కొనడానికొచ్చినామెకి చెప్పాడు. ఆమె తాళం కోసం చాచిన చెయ్యి తనకు తెలియకుండానే వెనక్కి తీసుకుంది. టార్చి మనిషి నడవలోనే ఆగిపోయాడు. ఒక్క దగ్గూ లేదు.

బయట లాబీలో దర్శకురాలు మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చింది. క్షమాపణ చెప్పడానికి నేను నోరు తెరిచేలోపే, మొదటిసారి చెప్పినదాంట్లో ఏం నచ్చలేదని అత్తగారిని అడిగింది. నేను తెలుగులో చెప్పాను. ఆవిడ విస్తుపోయారు.

"నచ్చబట్టే అడిగానమ్మా! నచ్చకపోతే మళ్ళీ కావాలని ఎవరడుగుతారు?"

ఆ ఒక్క కేకతో నాటకం నిలబడిందని నేననను. కష్టపడినవాడు అతను. కానీ వేషం అతని దగ్గరే ఉంది, నాటకం అనుకున్నదానికంటే ఎక్కువ రోజులు ఆడింది, అది చూసినవాళ్ళెవరో పిలిచి సీరియల్లో ఇచ్చారు. వాంకూవర్ వెళ్ళిపోయాడు. లండన్ ప్రయాణం సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. అత్తగారు టాబ్లెట్‌లో ఆ సీరియల్ చూస్తూ అతను కనపడినప్పుడల్లా "భుజాలు దించరా" అని కేకలేసేవారు. వెనక్కి తిప్పి ఎన్నిసార్లయినా చూడొచ్చని చూపిస్తే పెదవి విరిచారు. "ఎన్నిసార్లు తిప్పినా అదే చేస్తాడుగా, ఏం సరదా?"

నాకు ఆవిడంటే ప్రాణం. ఆ మాట ఆవిడతో అనలేదు. మన ఇళ్ళలో అత్తగారితో ఎవరంటారు? ఆఫీసులో ఎదుటివాళ్ళు మాట్లాడేటప్పుడు నోరు మూసుకుని వినడం మాత్రం ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. ఇప్పుడు ఇంట్లో నిశ్శబ్దంగా ఉంటే నా చెవి ఆవిడ గది వైపే పోతోంది.

అంత్యక్రియలకి అతను వచ్చాడు. ఏదో పాత్ర కోసం సగం గుండు గీయించుకుని ఉన్నాడు. చుట్టాలు వింతగా చూస్తుంటే, బూట్లు విప్పి మేజోళ్ళతో మా ఆడవాళ్ళ మధ్యే నిలబడిపోయాడు. ఇంటికొచ్చాక వాళ్ళమ్మ నాతో మాట్లాడాలంటోందని వీడియో కాల్ కలిపి ఫోను నా చేతికిచ్చాడు. ఆవిడ డ్యూటీ నుంచి అప్పుడే వచ్చినట్టుంది, నర్సు బట్టల్లోనే వంటింట్లో కుర్చీలో కూర్చుని ఉంది. చాలా అలసిపోయి ఉంది.

"మీకొకటి చెప్పాలి. వీడికీ తెలియదు" అంది. "ఆ నాటకం పోవాలని నేను చర్చిలో మొక్కుకున్నాను. వాడు ఇంటికొచ్చేస్తాడని. ఒకరోజు వాడికి ఫోన్ చేస్తే, మీ ఇంట్లో మర్చిపోయి వెళ్ళాడేమో, మీ అత్తగారు ఎత్తారు. ఎందుకో ఆవిడకి చెప్పేశాను."

పక్కన నిలబడ్డ కొడుకు ఫోను వైపు వంగాడు. ఆవిడేమన్నారని అడిగాను.

"నవ్వారు. 'యూ ప్రే నో. ఐ ప్రే యెస్. వీ సీ' అన్నారు. నాకు కోపమొచ్చింది. నా కొడుకు గురించి మొక్కుకోవడానికి నువ్వెవరని అడిగాను. దానికి ఆవిడ 'ఐ గివ్ హిమ్ ఫుడ్. డోంట్ వర్రీ' అన్నారు." ఆవిడ కుర్చీ ముందుకి జరుపుకుంది. "ఆ రోజు నుంచి నాకు సరిగ్గా నిద్ర పట్టింది. ఒకసారి ఆవిడని చూపించండి."

కెమెరా తిప్పి, గోడ వార ముక్కాలిపీట మీద పెట్టిన ఫొటో చూపించాను. తెర నిండా అత్తగారు, దండ, దీపం. మూల చిన్న చదరంలో లండన్ వంటిల్లు. చూస్తుండగానే ఆ చదరంలో కుర్చీ ఒక్కటే మిగిలింది. సిగ్నల్ పోయిందేమో, ఆవిడ ఏడుపు ఆపుకోలేక లేచి వెళ్ళిందేమో అనుకున్నాను.

"వెళ్ళలేదు" అన్నాడు అతను మెల్లగా. "మోకాళ్ళ మీద ఉంది. మాలో ఆడవాళ్ళు పెద్దవాళ్ళకి అలాగే దణ్ణం పెడతారు."

ఆ చదరం అడుగున ఆవిడ నడినెత్తి, నెరిసిన పాపిడి కాస్త కనిపిస్తున్నాయి. ఆవిడ లేచేదాకా నేను ఫోను అలాగే పట్టుకున్నాను.