మింగడం రాని బిడ్డ

సుశీలమ్మ నోరు మంచిది కాదని ప్రొద్దుటూరులో అందరూ అంటారు. నిజమే. డాక్టరు త్రివిక్రమరావు పిల్లల ఆసుపత్రిలో ఆమె నర్సు. చెప్పులతో లోపలికొచ్చినవాడు ఎమ్మెల్యే మనిషైనా సరే, "యాడికప్పా, సంతకొచ్చినావా?" అని గేటు దాకా తరిమేది. అయితే ఆ నోరు పుట్టుకతో వచ్చింది కాదు. జమ్మలమడుగులో చర్చి పక్కింట్లో పాటలు పాడుకుంటూ పెరిగిన పిల్ల ఆమె. నోరు లేచింది మొగుడు పోయాకే.

మొగుడు ప్రభాకర్ బడిపంతులు. ఎన్నికల డ్యూటీ పడి రాజుపాలెం దగ్గర ఒక పల్లెకు పోయాడు. ఒక పార్టీవాళ్లు ఓట్ల పెట్టె ఎత్తుకుపోవడానికి వచ్చారు, రెండో పార్టీవాళ్లు అడ్డం తిరిగారు, కిటికీలోంచి బాంబు పడింది. సుశీలమ్మకు అప్పగించింది ఒక దుప్పటి మూట. విప్పొద్దన్నారు. ఆమె విప్పింది. విసిరినవాడు లింగాల వైపు నరసింహమని ఊరూవాడా తెలుసు. కోర్టులో మాత్రం కళ్లతో చూశానన్నవాడు ఒక్కడు లేడు. నరసింహం మెడలో దండలేసుకుని జీపులో ఊరేగాడు.

"వాని వంశం నాశనమైపోను!" అని సుశీలమ్మ చర్చి మెట్ల మీద నిలబడి దుమ్మెత్తిపోసింది. పాస్టరు సాలోమోను "అట్లనగూడదమ్మా" అన్నందుకు ఆయన్నీ కడిగిపారేసింది.

కొన్నేళ్లకు నరసింహం వంతూ వచ్చింది. గండికోట దారి మలుపులో అతని జీపుకు బండరాళ్లు అడ్డం పడ్డాయి. వేటకొడవళ్లతో వచ్చిన ఎదుటి పార్టీవాళ్లు అతణ్ని కిందికి లాగి, పెళ్లాం లలిత కళ్ల ముందే నరికారు. మొదటి వేటుకు చెయ్యి తెగింది. తెగిన చేతిని ఒళ్లో పెట్టుకుని ఆమె అరుస్తుంటే, "కడుపుతో ఉండాదిరా, వదిలేయండి" అని వాళ్లలోనే ఒకడు అన్నాడట. అదొక దయ! ఏడు నెలలు నిండీ నిండని ఆ కడుపులో అక్కడే నొప్పులు మొదలయ్యాయి. ప్రొద్దుటూరు చేర్చిన కాసేపటికే మగబిడ్డ పుట్టాడు. చర్మం కింద నరాలు కనిపిస్తున్నాయి. ఏడుపు పిల్లికూన కూతలా ఉంది.

ఆ బిడ్డను సుశీలమ్మ చేతుల్లోనే పెట్టారు. తండ్రి పేరు వినగానే, నా మొగుణ్ని ముక్కలు చేసినవాడి బిడ్డకు నేను పాలు పట్టాలా దేవుడా అనుకుంది. ఒక్క చెంచా చాలు, ఎవరికీ తెలియదు అని కూడా అనుకుంది. అనుకున్నందుకు తన్ను తానే తిట్టుకుంది గానీ, అనుకున్న మాట నిజం.

ఒక్క చెంచా ఎందుకు చాలో చెప్పాలి. నెలలు నిండిన బిడ్డకు చీకడం, మింగడం, ఊపిరి తీయడం ఒకదాన్నొకటి తొక్కుకోకుండా జరుగుతాయి. నిండనివాడికి మూడూ ఉంటాయి గానీ కలిసి రావు. వేలు పెడితే చీకుతాడు. చీకుతున్నాడు కదా అని పాలు పోస్తే మింగేలోపే ఊపిరి లాగుతాడు. మనకైతే పొలమారుతుంది, దగ్గుతాం. ఆ పసిగుడ్డుకు దగ్గు కూడా సరిగ్గా రాదు. చుక్క దారి తప్పితే ఊపిరే ఆగిపోతుంది, గుండె మందగిస్తుంది. పోనీ కడుపులోకి పోయినవైనా నిలుస్తాయా అంటే, అన్నవాహిక అడుగున పట్టు ఇంకా వదులు, పైకి తన్నుకొస్తాయి. తల్లి కడుపులో వెచ్చగా ఉమ్మనీరు మింగుతూ నేర్చుకోవాల్సిన విద్య అది. వీడు గాజుపెట్టెలో పడుకుని నేర్చుకోవాలి. అందాకా ముక్కులోంచి కడుపులోకి సన్నని గొట్టం వేసి, తల్లి పాలు పిండి చుక్కలు చుక్కలుగా వదలాల్సిందే.

సుశీలమ్మ వదిలింది. తిట్టుకుంటూనే వదిలింది. "మీ నాయన సచ్చినా నాకు సల్లబడలేదురా" అని బిడ్డతో అంటూ, తల కాస్త ఎత్తి, కక్కకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టేది. పక్క మంచం మీద లలిత అన్నీ వింటూనే పాలు పిండి ఇచ్చేది.

ఇంతలో నరసింహం తండ్రి నారాయణ పులివెందుల నుంచి రెండు జీపుల మనుషులతో దిగాడు. బిడ్డ నాలుకకు మొదటి చుక్క ఇంటిపెద్ద చేతిమీదుగా తగలాలని, అప్పుడే ఆ పెద్దాయన గుండెధైర్యం బిడ్డకు దిగుతుందని వాళ్లింట్లో గట్టి నమ్మకం. డాక్టరు వీల్లేదన్నాడు. మింగడం వచ్చేదాకా నోట్లో ఏదీ పోయకూడదని విడమరిచి చెప్పాడు. నారాయణ పళ్లు నూరుకుని వెనక్కి పోయాడు. పోయినవాడి చెవిలో ఎవడో ఊదాడు, ఆ నర్సు ప్రభాకర్ పెళ్లామని.

ఇంకేముంది! పగలోనే పుట్టి పగలోనే ముసలైన మనిషికి లోకమంతా పగగానే కనిపిస్తుంది. గొట్టం కూడా అతనికి పగలాగే కనిపించింది. మరునాడు మిట్టమధ్యాహ్నం, డాక్టరు ఇంటికి భోజనానికి పోయిన వేళ, నారాయణ మనుషులు తలుపు తన్నుకుని లోపలికొచ్చారు. ఒకడు కాంపౌండరును గోడకేసి కొట్టాడు, మూతిపళ్లు రాలాయి. ఇంకొకడు సుశీలమ్మ జుట్టు పట్టి మెడ మీద కొడవలి పెట్టాడు.

"నా మనవనికి నోట్లో చుక్క పోయకుండా ఎండబెడతాండావా? నీ మొగుని పగ పసిగుడ్డు మీద తీర్చుకుంటాండావా?" అన్నాడు నారాయణ.

"పగ గాదప్పా. వానికింగా మింగేది రాదు. పోస్తే సస్తాడు, నీ కాళ్లు పట్టుకుంటా!"

"మింగేది రానోడు మా వంశంలో పుట్టల్యా!"

తెచ్చిన చక్కెర నీళ్లు గిన్నెలోంచి చెంచాతో తీసి, బిడ్డ పెదవులు విడదీసి పోశాడు. బిడ్డ చీకాడు. "సూసినారా, తాగుతాండాడు!" అని ముసలాయన ముఖం వెలిగింది. రెండో చెంచా పోశాడు. బిడ్డ పెదవులు నీలమయ్యాయి. రొమ్ము ఎగరడం ఆగిపోయింది. దగ్గు లేదు, ఏడుపు లేదు, ఉలుకూ పలుకూ లేదు.

సుశీలమ్మ కొడవలిని చూసుకోలేదు. ఒక్క తోపు తోసి ముందుకు ఉరికింది. అంచు భుజం మీద కండను చీల్చుకుపోయింది. ఆ నెత్తురుతోనే బిడ్డను పక్కకు తిప్పి, రబ్బరు గొట్టం వాడి గొంతులో పెట్టి నోటితో పీల్చి ఊసింది. అరికాలు రుద్దింది. ఊపిరి ఊదే బుడగసంచి మూతికి పెట్టి వేళ్లతో మెల్లగా వత్తసాగింది.

"సంపె! నా మనవణ్ని సంపె!" అని నారాయణ పక్కవాడి చేతిలో కొడవలి లాక్కుని ఎత్తాడు.

పచ్చి బాలింత లలిత మంచం దిగి మధ్యలో పడింది. "మామా! ఆమె గాదు, నువ్వు! నువ్వు పోసిందే వాని గొంతుకు అడ్డం పడె. నేను కండ్లారా జూసినా. యాడ చెప్పమన్నా చెబ్తా, నేను జూసినా!"

ఆ ఇంట్లో, ఆ పల్లెల్లో, అంతవరకు ఎవరూ నోరు తెరిచి అనని మాట అది. నారాయణ చెయ్యి పైనే నిలిచిపోయింది. అప్పుడే బిడ్డ ఎక్కిళ్లు పెట్టినట్టు ఒకసారి ఊపిరి లాగాడు. మళ్లీ లాగాడు. సన్నగా ఏడ్చాడు.

ముసలాయన గోడకానుకుని కూలబడ్డాడు. కొడవలి కింద పెట్టి అన్నాడు: "నా కొడుకు నీ మొగుణ్ని సంపినాడు గదమ్మే. ఈన్నెందుకు కాపాడితివి?"

"నీ కొడుకు సచ్చినాడని ఇన్నప్పుడు నేను నవ్వినానప్పా. ఇప్పుడు గూడా వాని మింద నాకు జాలి లేదు. ఈడేం జేసినాడు? ఇంగా మింగేదే రాదే ఈనికి, అప్పుడే ఈనికి పగేంది?"

నారాయణ లేచి మనుషుల్ని తీసుకుని వెళ్లిపోయాడు. సుశీలమ్మ భుజానికి కుట్లు పడ్డాయి. ఎడంచెయ్యి మళ్లీ పైకి లేవలేదు.

కొన్ని వారాలకు బిడ్డ ఒళ్లు నిండింది. లలిత రొమ్ముకు పెట్టగానే రెండుసార్లు చీకి, మింగి, ఆగి, ఊపిరి తీసుకుని మళ్లీ చీకాడు. మధ్యలో పొలమారితే గట్టిగా దగ్గి, ముఖం ఎర్రగా చేసుకుని తల్లిని తిట్టినట్టు ఏడ్చాడు. సుశీలమ్మ పకపకా నవ్వింది, కళ్లనీళ్లు తుడుచుకుంది. ఆ పూటే కబురొచ్చింది: ఎదుటి పార్టీవాళ్లలో ఇద్దర్ని నారాయణ మనుషులు లింగాల దగ్గర నరికారని, రేపో మాపో ఆయనే వచ్చి కోడల్నీ మనవణ్నీ తీసుకుపోతాడని.

లలిత బిడ్డను గట్టిగా పొదువుకుంది. "అక్కా, ఆడికి పోతే ఈనికి అమ్మా అనేదానికంటే ముందు సంపాల్సినోళ్ల పేర్లు నేర్పిస్తారు. మా అమ్మోళ్లు భయపడి తలుపేసుకున్యారు. నేను యాడికి పోవాల?"

సుశీలమ్మ కిటికీ వైపు తిరిగి తనలో తాను ఎవరెవరినో తిట్టుకుంది. తర్వాత కుడిచేత్తోనే గుడ్డలు మూట కట్టసాగింది.

"లెయ్. జమ్మలమడుగులో మా ఇంటికి పోదాం. మీ మామ ఆడికొస్తే తలుపు కాడ నేనుంటా."

"మీ ఇంట్లో ప్రభాకరన్న పటం ఉంటాది గదక్కా. ఆ ముఖం ముందర నేనెట్ల కూచునేది?"

"ఉంటాది. దినామూ జూడు. నేను గూడా నీ ముఖం దినామూ జూడాల గదా! పా, బిడ్డకు పాలేళయింది."