ఐదు వేళ్ల మొలక

కొంపల్లిలో మా వీధికి వచ్చే కూరగాయల బండివాడు కొత్తిమీర ఊరికే ఇవ్వడం మానేశాడు. ఇంతకుముందు కిలో టమాటాలు కొంటే నాలుగు రెబ్బలు వాటంతట అవే సంచిలో పడేవి. ఇప్పుడు అడిగితే, బండి చక్రం ఊడదీసి ఇమ్మన్నట్టు చూస్తాడు. మా ఆవిడ అతనితో పోట్లాడుతుంది. నేను ఆ సమయానికి చెప్పులు వెతుక్కుంటూ లోపలే ఉండిపోతాను. కొత్తిమీర గురించి నోరెత్తే అర్హత నాకు లేదు. ఒక ఎకరం నేలనూ, ఒక మేనత్త నమ్మకాన్నీ, ఒక ఊరి మనశ్శాంతినీ ఒకే వానాకాలంలో పాడుచేసినవాణ్ణి. గొప్పలు చెప్పుకోవడం కాదు గానీ, మూడూ ఒకేసారి చేయడం అంత తేలిక కాదు.

మా మేనత్త బాలమణికి శామీర్‌పేట నుంచి మేడ్చల్ వెళ్లే దారికి కాస్త లోపలగా ఒక ఎకరం ఎర్రచెల్క నేల ఉంది. చుట్టుపక్కల పొలాలన్నీ ప్లాట్లైపోయాయి. ప్లాట్లలో ఇళ్లింకా లేవలేదు, తెల్లటి హద్దురాళ్లు మాత్రం వరసలు కట్టి నిలబడ్డాయి. వాన వెలిసిన తెల్లవారుజామున నేలలోంచి ఆవిరి లేస్తున్నప్పుడు చూస్తే, అచ్చం శ్మశానంలా ఉంటుంది. చనిపోయినవాళ్లు మాత్రం ఇంకా రావలసి ఉంది. ఆ రాళ్ల మధ్య మా అత్త ఎకరం ఒక్కటే పచ్చగా ఉండేది. ఏటా ఎండాకాలంలో గొర్రెల మందను కొన్ని రాత్రులు పొలంలో పడుకోబెట్టించేది. ఆ పెంట, మూత్రం మట్టిలో కలిసేలా దున్నించి కొత్తిమీర చల్లేది. ఆమెకు తెలిసిన ఎరువుల శాస్త్రం అంతే. పంటకు తెలిసింది కూడా అంతే కాబట్టి ఇద్దరికీ పొసిగింది.

ఒక ఏడు ఆమె మోకాళ్లు మొరాయించాయి. ఆపరేషన్ అయ్యాక యాప్రాల్‌లో కూతురింట్లో ఉండి కోలుకోవాలి. నేనప్పుడు గుండ్లపోచంపల్లిలో ఒక జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పేవాణ్ణి. సెలవుల్లో ఖాళీగా కనిపించడం నేను చేసిన మొదటి తప్పు.

"మందను పండబెట్టిపియ్. వాన పడ్డంక దున్నిపిచ్చి ధనియాలు సల్లు. గంతే. నీ తెలివి పెట్టకు," అంది అత్త.

తర్వాత గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది. "గీ పంట మంచిగొస్తే భూమి ఉంచుకుంట. రాకుంటే నర్సింహకు ఇచ్చేస్త. మోకాళ్లల్ల సత్తువ పాయె, మట్టిల గూడ పోయిందనుకుంట."

నర్సింహ అంటే ఆ హద్దురాళ్ల యజమాని. అతని వెంచరుకు రోడ్డు తీయాలంటే మా అత్త ఎకరమే అడ్డం. అంటే ఆ భూమి ఉండటం, పోవడం నా చేతిలో పడ్డాయి.

గొర్రెలు నా చదువుకు ఆనలేదు. ఎర్ర నేల నీళ్లు పట్టి ఉంచదనీ, చెరువు పూడికమట్టి వేస్తే తేమా సారమూ నిలుస్తాయనీ ఒక వ్యవసాయ పత్రికలో చదివాను. అది నూటికి నూరుపాళ్లు నిజం. పలచగా పరిచి, పశువుల ఎరువుతో దున్ని కలపాలని కూడా అందులోనే రాశారు. కాకపోతే ఆ వాక్యం పేజీ తిప్పాక ఉంది.

మందవాళ్లను వెనక్కి పంపేసి, ట్రాక్టర్ యాదగిరిని వెంటబెట్టుకుని ఊరి కుంట దగ్గరికి వెళ్లాను. అతను వాగు వచ్చి కలిసే వైపు గోధుమరంగు మట్టి ఎత్తబోయాడు. నా కళ్లు మాత్రం కట్ట మూలన కాటుకలా మెరుస్తున్న మట్టి మీద పడ్డాయి.

"గా మూలది వద్దు సార్," అన్నాడు యాదగిరి.

"నల్లగా ఉంది కదా."

"నల్లగనే ఉంటది. గాని ఆడ ఏటేట..."

"నలుపంటే సారం, యాదగిరీ."

అతను నన్నొకసారి, ఆ మూలనొకసారి చూశాడు. "సారు సదువుకున్నడు," అని తనలో తాను అనుకుని ఇంజన్ స్టార్ట్ చేశాడు.

పొలమంతా మోకాలెత్తు పోయించాను. అత్త మోకాళ్లు బాగాలేవు గనక ఆ కొలత గుర్తుండిపోయినట్టుంది. మొదటి వానకు మట్టి మెత్తబడగానే, దున్నే ఖర్చెందుకని, బద్దలు చేసిన ధనియాలు పైపైన చల్లేశాను.

వాన వెంటనే ఎండ కాసింది. నల్లమట్టి అప్పడంలా గట్టిపడి నెర్రెలిచ్చింది. సాయంత్రం గట్టు మీద నిలబడితే పొలంలోంచి చప్పుడు వినబడేది. టిక్... కాసేపు నిశ్శబ్దం. మళ్లీ ఇంకో మూల, టిక్. అడుగున ఎవరో పడుకుని, తీరిగ్గా ఒక్కో వేలి మెటికా విరుచుకుంటున్నట్టు. నేల ఊపిరి పీలుస్తోందని మనసుకు సర్దిచెప్పుకుని ఇంటికొచ్చాను. ఆ రోజు మామూలు కంటే కొంచెం తొందరగా నడిచాననుకుంటాను.

యాప్రాల్ నుంచి అత్త రోజూ ఫోన్ చేసేది. "మొలక లేసిందారా?"

"లేస్తాంది అత్తా."

రెండో వాన గట్టిగా పడింది. తెల్లారి వెళ్లి చూస్తే, నిజంగానే మొలక లేచింది. రెండాకులు రావలసిన చోట ఐదు వేళ్లు వచ్చాయి.

నున్నటి గులాబీరంగు వేళ్లు. గోళ్లకు ఎరుపు. అరచేయి నా వైపే తిరిగి ఉంది. చుట్టూ ఆవిరి, దాని వెనక తెల్లరాళ్లు. ఒక్క కాకి కూడా అరవడం లేదు. చదువుకున్నవాణ్ణి గనక మొదట హత్య అనుకున్నాను. పోలీసులకు చెప్పడమా, పారిపోవడమా అని ఆలోచించాను. కాళ్లు రెండిటికీ ఒప్పుకోకపోవడంతో నిలబడే ఉన్నాను. కాసేపటికి ఒక వేలికున్న ఉంగరం రంగుతో వేసిందని కనబడింది. అప్పుడు యాదగిరి మింగేసిన మాట పూర్తిగా వినబడింది. ఆ కట్ట మూలే ఊళ్లో ఏటేటా వినాయకుణ్ణి నిమజ్జనం చేసే చోటు. నేను మోయించింది సారాన్ని కాదు, ఎన్నో ఏళ్ల విగ్రహాల అడుగు బురదను.

ప్లాస్టరేనని తెలిశాక భయం పోవాలి. పోలేదు. కలుపు తీసే సత్తెమ్మ గట్టు దిగబోయి ఆగిపోయింది.

"సారూ, ఆడ ఎవరో పండుకొని సూస్తాండ్రు."

వంగి చూశాను. నెర్రె లోపల ఒక కన్ను. పొడుగ్గా, నిన్ననే దిద్దినంత తెల్లగా. మూలలో ఒక వాన చుక్క నిలిచి ఉంది.

"అది ప్లాస్టర్, సత్తెమ్మా."

"అయితే నువ్వే తొక్కుకుంట పో."

నేను వెళ్లలేదు. దానికి బదులుగా శాస్త్రం చెప్పాను. బంకమట్టి తడిస్తే ఉబ్బుతుందనీ, ఎండితే కుంచించుకుపోతుందనీ, ఆ ఒత్తిడికి లోపలి ముక్కలు పైకి వస్తాయనీ. సత్తెమ్మ నా మాట వినడం లేదు, నా వెనక్కి చూస్తోంది. తిరిగి చూస్తే నిన్న లేని చోట ఒక తొండం వంపు. ఆమె కొంగు బిగించుకుని ఇంటిదారి పట్టింది, ఆ తర్వాత కూలికి ఎవరూ రాలేదు.

ప్రతి వానకూ ఇంకొన్ని లేచాయి. ఒక చెవి, ఒక పాదం, ఇంకో రెండు చేతులు. ఒక చేతిని మెల్లగా పైకి లాగబోతే మణికట్టు దగ్గర విరిగి నా చేతిలో చెయ్యి వేసినట్టు ఉండిపోయింది. క్షమించమని చెప్పి ఉన్నచోటే పెట్టేశాను. మర్నాటికి ఆ చేతిలో మందారం పువ్వుంది. వేళ్లకు పసుపు, కుంకుమ. ఎవరు పెడుతున్నారో చూద్దామని తెల్లారకముందే వెళ్లినా, నాకంటే ముందే పువ్వు ఉండేది. బురదలో నా అడుగులు తప్ప వేరే అడుగులు ఉండేవి కావు. దీనికి శాస్త్రం ఏమంటుందో నేను కనుక్కోలేదు.

"ఏమన్న వచ్చిందారా?" అంది అత్త ఫోన్లో.

"ఏదో ఒకటి పైకొస్తాంది అత్తా." నా జీవితంలో అంతకంటే నిజమైన మాట చెప్పి ఎరగను.

ఇక పంట సంగతి. పైన పెంకు, కింద నీళ్లు నిలిచిన బురద. నెర్రెల్లోంచి బయటపడ్డ నాలుగు కొత్తిమీర మొక్కలు కామెర్లు వచ్చినట్టు పసుపుపచ్చగా నిలబడ్డాయి. వేళ్లకు ఊపిరాడక అలా ఉన్నాయి. నేను ఆకలేమో అనుకుని పిడికెడు పిడికెడు యూరియా వేశాను. ఆకుల చివర్లు మాడిపోయాయి. వారం తిరిగేసరికి పొలంలో నిటారుగా నిలబడ్డవి చేతులొక్కటే.

ఆ సమయంలో నర్సింహ వచ్చాడు. ఎందుకైనా మంచిదని, భూమి ఎలా ఉందో చూసుకొమ్మని అత్తే అతనికి చెప్పిందట. మబ్బు కమ్మిన సాయంత్రం, బూట్లతో చరచరా నడిచి పొలం నడుమకు వెళ్లాడు. కాలి కింద టిక్ అంది. కిందికి చూశాడు. కిందినుంచి కన్ను పైకి చూసింది. అతను చాలా నెమ్మదిగా బూట్లు విప్పి చేత్తో పట్టుకున్నాడు.

"ఇది గుడి జాగనా?"

"కొత్తిమీర తోట."

"ఈ పూలు ఎవలు పెడ్తాండ్రు?"

"తెల్వదన్నా."

"ఎప్పటిసంది లేస్తాండ్రు?"

"వాన పడ్డప్పుడల్లా."

అతను వీపు తిప్పకుండా వెనక్కి వెనక్కి నడుచుకుంటూ గట్టెక్కాడు. "రేపు ఈడ ఇల్లు కట్టుకున్నోడు నిద్రపోతడా? బాలమ్మకు జెప్పు, నా రోడ్డు వేరే దిక్కుకెళ్లి తీసుకుంట," అన్నాడు. కారు వెళ్లిపోయాక కూడా నేను చాలాసేపు చేతులు కట్టుకుని గర్వంగా నిలబడ్డాను. పంట పోతే పోయింది, భూమిని కాపాడాను. ఆ ఆనందంలో టిక్ టిక్‌లు కూడా చప్పట్లలా వినబడ్డాయి.

ఆ నేలకేమైందోనని కంగారుపడకండి. తర్వాత ఊరివాళ్లంతా ముక్కలన్నీ ఏరి, మొక్కి, మళ్లీ నీళ్లలో కలిపారు. నల్లమట్టిలో సగానికి పైగా వేరేవాళ్ల చెల్కలకు పోయింది. మిగిలింది ఎర్రమట్టిలోకి దున్ని, రెండు ఎండాకాలాలు మందను పడుకోబెట్టించారు. ఇప్పుడక్కడ నేల చేత్తో పిసికితే మెత్తగా విడిపోతుంది. నాకు గట్టు వరకే ప్రవేశం.

కానీ అత్త వచ్చిన రోజు అదేమీ లేదు. యాప్రాల్ నుంచి ఆటోలో వచ్చి, నాలుగు కాళ్ల ఊతకర్ర పట్టుకుని గట్టు మీద నిలబడింది. ముసురు పట్టి ఉంది. తెల్లరాళ్ల మధ్య నల్లటి నేల, నేల నిండా పైకెత్తిన అరచేతులు, ప్రతి చేతిలోనూ ఆ ఉదయం పువ్వు. ఎక్కడో టిక్ అంది. అత్త ఊతకర్ర వదిలి రెండు చేతులూ జోడించింది.

నేను ఆలస్యం చేయలేదు. బంకమట్టి ఉబ్బడం, నర్సింహ బూట్లు విప్పడం, ఇక ఈ భూమిని ఎవడూ కొనడు గనక అది శాశ్వతంగా ఆమెదే కావడం, అంతా వరసగా చెప్పాను. చివర్లో గొంతు సవరించుకుని, ఆ చేతులన్నిటి సాక్షిగా, వ్యవసాయ పత్రికలో పేజీ తిప్పకుండా ఇకముందు ఏ నేల మీదా పిడికెడు మట్టి గానీ చిటికెడు యూరియా గానీ వేయనని ప్రమాణం కూడా చేశాను.

అత్త పొలమంతా మరోసారి కలియజూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"దేవుడు లేస్తే లేసిండు. కొత్తిమీర ఏదిరా?"