పదికి పది వచ్చిన పేజీ

మా కంప్యూటర్ మిస్ పోయారని అక్క ఫోన్ చేసినప్పుడు నేను ఆరాంఘర్ దగ్గర బస్సులో నిలబడి ఉన్నాను. హారన్ల మధ్య సరిగా వినపడక రెండుసార్లు చెప్పించుకున్నాను. గుండెపోటట. ఆ ఆదివారం అక్క కూతుర్ని తొండుపల్లిలో మిస్ ఇంటికి తీసుకొస్తానని మాట ఇచ్చాను. పాప తయారుచేసిన వెబ్‌సైటు మొదట ఆమే చూడాలి. అంతకుముందు రెండు ఆదివారాలు వాయిదా వేసింది నేనే. ఏదో పని అన్నాను. ఏం పనో ఇప్పుడు గుర్తు కూడా లేదు.

శంషాబాద్‌లో మా కాన్వెంటు బడిలో ఆరు నుంచి పదో తరగతి దాకా ఆమె మాకు కంప్యూటర్ చెప్పారు. వరండాలో బూట్లు వరసగా విప్పి, సాక్సులతో ఏసీ గదిలోకి వెళ్ళాలి. మానిటర్ల మీద ఆమె తన పాత చీరలతో కుట్టిన ముసుగులు ఉండేవి. ఒకటో రెండో తీసేవారు. మిగతావి ఎందుకు తీయరో అడగాలని మాలో ఎవరికీ తోచలేదు. మేం నోటుబుక్కుల్లో రాసేవాళ్ళం. ఏ అక్షరాలు లావుగా రావాలి, ఏ రంగు పడాలి అని కంప్యూటర్‌కు చెప్పే గుర్తులన్నీ మార్జిన్ కొట్టి నీలం సిరాతో రాస్తే, ఆమె ఎర్ర పెన్నుతో దిద్దేవారు. తెరిచిన ప్రతి గుర్తునూ మళ్ళీ మూయాలి, లేకపోతే ఆ లావో రంగో పేజీ చివరిదాకా పాకుతుంది. "తలుపు తీసినవాళ్ళే వేయాలి" అని ఇంగ్లిషులో అనేవారు. ఏసీ గది తలుపు వేయని పిల్లలతోనూ అదే మాట. మీదుగా విమానం పోతే మాట మధ్యలో ఆపి, చప్పుడు తగ్గాక సరిగ్గా ఆపిన చోటే అందుకునేవారు.

నేను ఎప్పుడూ చెయ్యెత్తని పిల్లని. నోటుబుక్కు నాకు హాయిగా ఉండేది. 'మా బడి' అనే పేజీకి పదికి పది ఇచ్చారు. ఆ నోటుబుక్కు ఇంకా దాచుకున్నాను.

పోయిన వేసవిలో పదేళ్ళ పాప వెబ్‌సైటు చేస్తానంది. మా డాబా మీదుగా పోయే విమానాలు, వాటి తోకల రంగులు, అదీ విషయం. ఏ సాఫ్ట్‌వేర్ ఇవ్వాలో చూసే పని అక్క నాకు అప్పజెప్పింది. "సదివేటిదానివి నువ్వే గద" అంది.

మొదటిదాంట్లో మౌసుతో డబ్బాలు లాగి పెడితే పది నిమిషాల్లో పేజీ అయిపోయింది. కానీ ఏం చేసినా ఎవరిదో బట్టల దుకాణంలాగే కనిపించేది. తోకల రంగులు వేయనివ్వలేదు. రెండోదాంట్లో తెర నిండా బొత్తాలే. అదీ పదిహేను రోజులే ఉచితంగా నడిచి, పాప చేసినదంతా లోపల పెట్టుకుని తాళం వేసుకుంది. మూడోది వయసు అడిగి, పదేళ్ళా, కుదరదు అంది. ఇంటర్నెట్‌లో సలహాలు చదివితే ఒక్కొక్కరిది ఒక్కో మాట. విసిగిపోయి లాప్‌టాప్ మూసేశాను. గీతల నోటుబుక్కు ఒకటి కొని పాప ముందు పెట్టాను.

"ముందు ఇండ్ల రాయి. మేమట్లనే నేర్చుకున్నం."

పాప నాలుగు పేజీలు రాసింది. ఐదో రోజు నోటుబుక్కు ఫ్రిజ్ మీద పడేసింది. "గిది ఇంపోజిషన్ లెక్కుంది, చిన్నమ్మా. నాకొద్దు వెబ్‌సైటు."

నాకు కోపం వచ్చింది. మిస్ అయితే నాలుగు చీవాట్లు పెడతారని, నోటుబుక్కుతో సహా పాపను ఆమె ఇంటికి తీసుకెళ్ళాను. ఆమె అప్పటికే రిటైరయ్యారు. బయటి గద్దె మీద కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తున్నారు. చేతులు తుడుచుకుని పాప నోటుబుక్కు తిప్పారు.

"ఇంట్ల కంప్యూటర్ లేదా?"

"ఉంది మిస్."

"కరెంటు?"

"ఉంది."

"మరేం రోగమే నీకు? పిల్లతోని చేతులు గుంజంగ గిట్ల రాయిస్తున్నవ్?"

"మీరే రాయించారు కదా, మిస్."

ఆమె నవ్వారు. తర్వాత నవ్వలేదు. "పన్నెండు మిషన్లుంటే నడిచేటివి రెండు. మీరు నలభై మంది. సిస్టర్‌కు చెప్పి చెప్పి పరేషానైన. ఊకె కూసోబెట్టలేక రాయించిన. గది పద్ధతి అనుకున్నవా? గతి లేక చేసిన పని."

ఇన్నేళ్ళుగా ఎంతమందికి గొప్పగా చెప్పుకున్నాను ఆ నోటుబుక్కు గురించి. మొండిగా అడిగాను. "అయితే ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?"

"పేరు నాకేమెరుక? తప్పు చేస్తే మనకంటె ముందు పిల్లకే తెల్వాలె. గసొంటిది చూడు. నా ఎర్ర పెన్ను కోసం మీరు వారం ఆగేటోళ్లు. జర సోంచాయించు, గదేం సదువు?"

ఒక్క పేరు చెప్పడానికి ఏం పోయింది అని దారంతా చిరాకుపడ్డాను. తర్వాత మళ్ళీ వెతికాను. ఆమె మాటకు సరిపోయింది ఒక్కటే దొరికింది. చూడటానికి ఏమీ ఉండదు. తెరకు ఎడమవైపు మనం రాసేది, కుడివైపు అప్పటికప్పుడు వచ్చే పేజీ. మొదటి రోజే పాప ఏదో గుర్తు మూయలేదు. పేజీ మొత్తం ఎర్రబడింది. కేక పెట్టి, నవ్వి, తనే వెతికి మూసింది. నన్ను పిలవలేదు.

మిస్‌కు ఫోన్ చేసి చెప్పాను.

"తప్పులు చేస్తుందా?"

"చాలా, మిస్."

"అయితే తోల్కరా."

నేను తీసుకెళ్ళలేదు. తీసుకెళ్ళిన రోజు ఆమె అద్దాల పెట్టెలో ఉన్నారు. మేమిద్దరం గోడ పక్కన నిలబడ్డాం. మీదుగా విమానం పోతుంటే ఎవరూ మాట ఆపలేదు.

మొన్న పాప నా పాత నోటుబుక్కు అడిగింది. "పదికి పదొచ్చిన పేజీ ఉందన్నవ్ గద, ఇయ్యి. ఒక్కసారన్న తెరుద్దాం."

అక్షరం మార్చకుండా ఎడమవైపు ఎక్కించింది. కుడివైపు, నేను రాసిన ఇన్నేళ్ళకు, నా పేజీ మొదటిసారి తెరుచుకుంది. రెండో వరస నుంచి చివరిదాకా అక్షరాలన్నీ లావెక్కి ఉన్నాయి. ఒక గుర్తు తెరిచి, మూయడం మరిచిపోయాను. నోటుబుక్కులో సరిగ్గా దాని మీదుగానే ఎర్ర టిక్కు పోయింది.

"చిన్నమ్మా, మీ మిస్ సూస్కోలే!"

"నేను కూడా."

పాప ఆ గుర్తు మూయబోయింది. ఆగమన్నాను. ఇద్దరం తెర వైపు చూస్తూ కూర్చున్నాం. మా తోట, మా ప్రార్థన, మా వరండా, అన్నిటికీ చివర 'మా బడిలో పన్నెండు కంప్యూటర్లు ఉన్నాయి' అని నేను ఇంగ్లిషులో రాసిన వాక్యం, లావు అక్షరాల్లో.