కలను తట్టి చూడటం

మా ఆయన గనిలోకి దిగే మనిషని పెళ్ళికి ముందే చెప్పారు. నేల అదురుతుందని మాత్రం ఎవరూ చెప్పలేదు. శ్రీనివాసపురం దగ్గర మామిడితోటల్లో పుట్టి పెరిగినదాన్ని, మా ఊళ్ళో గాలికి కొమ్మలే ఊగేవి. కోలార్ బంగారు గనుల్లో కాపురానికొచ్చిన కొత్తలో ఒక మధ్యాహ్నం బియ్యం ఏరుతుంటే గూట్లో గిన్నెలన్నీ గలగలమన్నాయి. కూర్చున్న నేల ఒక్క ఎగురు ఎగిరింది. చేట పారేసి వీధిలోకి పరుగెత్తాను. వీధిలో పరుగెత్తింది నేనొక్కదాన్నే. ఎదురింటి తమిళావిడ గడపలో కూర్చుని తల దువ్వుకుంటూ నన్ను చూసి నవ్వింది. దాన్ని ఏర్ బ్లాస్ట్ అంటారని, లోపల ఎక్కడో రాయి పగిలితే పైన ఇట్లా అదురుతుందని మా అత్త లోపలినుంచే చెప్పింది. నేలపాలైన బియ్యం ఎవరు ఏరతారని కూడా అడిగింది.

గనులు సర్కారు చేతికొచ్చి ఏళ్ళు గడిచినా మాలాంటివాళ్ళకు ఇచ్చిన ఇళ్ళు అవే పాత లైన్ ఇళ్ళు. ఒకటే గది, ముందు చిన్న పంచ. మా ఆయనకు రాత్రి షిఫ్టు పడితే పగలు నిద్రపోయేవాడు. అన్నాలయ్యాక నేనూ ఆ గదిలోనే ఒక మూల నడుం వాల్చేదాన్ని. మామ లేడు, అత్త పంచలో చాప వేసుకునేది. మా ఇంట్లో అందరూ కలిసి నిద్రపోయే వేళ మధ్యాహ్నమే. సరిగ్గా ఆ వేళకే నాకు కల వచ్చేది.

ప్రతిసారీ ఒకటే కల. నేల అదురుతుంది. గనిలోకి దిగే బావిలాంటి షాఫ్ట్ దగ్గరికి పరుగెత్తుతాను. మనుషుల్ని కిందినుంచి పైకి తెచ్చే కేజ్ వస్తుంది, ఇనుప గేటు తెరుస్తారు, అందరూ దిగుతారు, మా ఆయన మాత్రం దిగడు. గావుకేక పెట్టి లేచేదాన్ని. చూస్తే ఆ మహానుభావుడు నా పక్కనే ఉలిక్కిపడి లేచి కూర్చుని ఉండేవాడు. అప్పుడు మళ్ళీ ఏడుపొచ్చేది, ఈసారి సిగ్గుతో.

ఇది నవ్వుకునే సంగతి కాదు. నిద్రలేని మనిషి గనిలోకి దిగితే ఏమవుతుందో ఆ లైన్లలో చిన్నపిల్లలక్కూడా తెలుసు. మా ఆయన కళ్ళు ఎర్రగా పెట్టుకుని పనికి పోతుంటే వీధి మలుపుదాకా చూస్తూ నిలబడేదాన్ని. ఆయనకేదో అవుతుందని భయపడి నేను అరుస్తున్నాను, నా అరుపుకే ఆయనకేదో అయ్యేట్టుంది. అత్త కొన్నాళ్ళు ఓర్చుకుంది. ఆఖరికి తేల్చి చెప్పింది: మామిడి కోతలప్పుడు మా నాయన ఎటూ వస్తాడు, ఆయనతో పుట్టింటికి పోయి, ఆ కలలు తగ్గాక రమ్మని. తగ్గకపోతే ఏం చెయ్యాలో ఆమె చెప్పలేదు. నాకు పోవాలని లేదు. ఆయన్ని వదిలి ఉండటం ఇష్టం లేదని ఆ వయసులో నోరు విప్పి చెప్పుకోలేం కదా, పుట్టింట్లో ఉక్కపోత ఎక్కువని చెప్పాను. మండే ఎండలో రేకుల కప్పు కింద కూర్చుని ఆ మాటన్నందుకు అత్త పొద్దుగూకేదాకా నవ్వింది.

ఆయనకు పగటి షిఫ్టు పడిన వారంలో ఒక సాయంత్రం, కాఫీ తాగుతూ నేను ఏడుపుమొహం పెట్టుకుంటే ఆయన నెమ్మదిగా చెప్పాడు.

"తలమీది రాయి నేను పడతా ఉండానని చెప్తాదా? చూసేదానికి అన్నీ గట్టిగానే ఉంటాయి. మేము కడ్డీతో తట్టి చూస్తాము. ఖణేల్‌మంటే నిలిచేది, బొదమంటే ఊడేది. నువ్వూ తట్టి చూడు. శబ్దం సరిగా రాకపోతే అది కల."

కలలో తట్టాలని గుర్తుండొద్దా అన్నాను. మెలకువలో తట్టి తట్టి అలవాటైతే కలలోనూ చెయ్యి తనంతట తానే తడుతుందట. తన సంగతే చూడమన్నాడు. నిజమే. ఎవరింటికి పోయినా ఈయన లోపలికి అడుగుపెట్టే ముందు చెయ్యెత్తి గుమ్మం పైకొయ్యను ఒకసారి తట్టేవాడు. పెళ్ళిచూపులకొచ్చినప్పుడు మా ఇంట్లోనూ తట్టాడు. పిల్లవాడు ఇంటి గట్టిదనం చూస్తున్నాడని మా నాయన మురిసిపోయాడు.

మరునాటి నుంచి నేను తట్టడం మొదలుపెట్టాను. బిందె తట్టాను, తలుపు తట్టాను, ట్రంకుపెట్టె తట్టాను. తట్టిన ప్రతిసారీ "ఇది కలా, నిజమా" అని లోపల అనుకోవాలి. ఇళ్ళకు మధ్య ఉన్నవి వెదురు తడికల గోడలు, నేను తట్టినప్పుడల్లా పక్కింటి ముసలమ్మ "యారు?" అని అరవంలో కేక వేసేది. కొన్నాళ్ళకు విసుగెత్తి, నిజంగా ఎవరైనా వచ్చి తలుపు తట్టినా పలకడం మానేసింది. క్యాసంబళ్ళి సంతలో గుమ్మడికాయ తట్టాను, అది అందరూ చేసే పనే. దాని పక్కనున్న తక్కెడనూ తట్టాను, రాగుల మూటనూ తట్టాను. ఈ పిల్లకు కళ్ళు సరిగా కనపడవా అని అంగడామె అత్తను పక్కకు పిలిచి అడిగింది.

"ఇంగ నా నెత్తొక్కటే మిగిలింది," అంది అత్త ఇంటికొచ్చాక. "అదీ తట్టి చూడు, అత్త నిజమో కలో తేలిపోతాది."

తట్టాలనే అనిపించింది. మర్యాద కాదని ఊరుకున్నాను.

కలలు మాత్రం నా మాట వినలేదు. ఒకరోజు కలలో తట్టడమే మరిచిపోయాను. ఇంకోరోజు ఇందాకే తట్టేశాను కదా అని కలలోనే అనుకుని ధైర్యంగా ఏడ్చాను. మరోసారి బ్రహ్మాండంగా గెలిచేశాను. కల అని పట్టేసి, లేచి, పంచలోకి పోయి అత్తకు గొప్పగా చెప్పాను, ఆమె నన్ను మెచ్చుకుంది కూడా. అత్త నన్ను మెచ్చుకుందంటే అది కలేనని అప్పుడైనా తెలియొద్దా? తెలియలేదు. నేల మళ్ళీ అదిరింది, షాఫ్ట్ దగ్గరికి పరుగెత్తి, అరిచి, అసలు నిద్రలోంచి లేచాను. మా ఆయన నిద్ర మళ్ళీ మట్టికొట్టుకుపోయింది. తోటల్లో కాయ ముదురుతోందని మా నాయన కబురు పంపాడు.

మామిడికాయల లారీలు కనబడటం మొదలయ్యాక ఒక మధ్యాహ్నం మళ్ళీ అదే కల. కేజ్ వచ్చింది, అందరూ దిగారు, ఆయన లేడు. అరవబోతూ గేటు పట్టుకున్నాను. చెయ్యి తనంతట తానే ఇనుప గేటును తట్టింది. ఏ శబ్దమూ లేదు. దిండును తట్టినట్టుంది. మళ్ళీ తట్టాను, అంతే. అప్పుడు నాకు తెలిసింది, ఇది కల అని, ఆయన ఇంట్లో నా పక్కనే గురకపెట్టి నిద్రపోతున్నాడని. ఆ సంతోషం ఇంతా అంతా కాదు.

తెలిసింది సరే, తర్వాత ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు. ముందు కోపమొచ్చింది. ఇన్నాళ్ళు నన్ను ఏడిపించారు గదా అని అక్కడ నిలబడిన జనాన్నంతా పేరుపేరునా తిట్టాను. వాళ్ళు బుద్ధిగా విన్నారు. తర్వాత గేటు దగ్గర చతికిలబడి, కొంగు విప్పితే మామిడిపండుంది, తిన్నాను. తియ్యగా ఉంది. టెంక చీకుతుంటే కేజ్ మళ్ళీ వచ్చింది, ఆయన దిగి, నాకు లేదా అని అడిగాడు.

అరవకుండా లేచాను. ఎండ కిటికీలోంచి పడుతోంది. ఆయన నోరు తెరుచుకుని హాయిగా నిద్రపోతున్నాడు, ఎన్నాళ్ళకో మరి. ఆ నిద్రను కాపాడటానికే కదా ఇంత యాతన పడ్డాను. ఆ సంగతి చెప్పాలని ఆయన్ని కుదిపి లేపాను.

ఆ తర్వాత కల ఇంకా కొన్నిసార్లు వచ్చింది, ప్రతిసారీ చెయ్యి గేటును తట్టింది. పోను పోను రావడమే మానేసింది. మా నాయన గంపెడు పండ్లతో వచ్చి, అమ్మాయి బట్టలు సర్దుకుందా అని అడిగాడు. నేను తలుపు చాటున నిలబడి విన్నాను. పిల్ల ఇప్పుడు బాగానే నిద్రపోతోంది, మీరు పోయి కోతలు చూసుకోండని అత్త ఆయనకు అన్నం పెట్టి పంపేసింది. నా మొహం చూసి, ఉక్కపోత తప్పింది గదా అంది.

గెలిచినవాళ్ళకు నేర్పించాలనే దురద పుడుతుంది. మా నాయన వచ్చిపోయిన కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం, పంచలో అత్త నిద్రలో ఏదో గొణుగుతుంటే విన్నాను. చేతులు కూడా కదులుతున్నాయి. పాపం, ఈమెకూ పీడకలే అనుకున్నాను. భుజం పట్టి లేపి, అత్తా, భయపడొద్దు, కలను పట్టుకోవడం నేను నేర్పిస్తానన్నాను.

ఆమె లేచి కూర్చుంది. నన్ను అంత కోపంగా అంతకుముందెప్పుడూ చూడలేదు.

"అరిచేది మానేసినావని సంతోషపడితే, ఇప్పుడు భుజం పట్టి లేపుతా ఉండావా? మీ మామ వచ్చిండాడు. కాఫీ లోటా చేతికిస్తా ఉన్నాను."

మామ మాట ఆమె ఎత్తడం అదే మొదటిసారి. గని దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని, దగ్గి దగ్గి, నేను కాపురానికి రాకముందే పోయాడాయన. ఆఖర్లో గడప దాటాలన్నా దగ్గు తెర ఆపేసేదని మా ఆయన ఒకసారి చెప్పాడు. అయినా తెలివితక్కువగా అడిగాను, అది కల అని నీకు తెలుస్తుందా అత్తా అని.

"తెలియకేమి? ఆయన దగ్గకుండా గడప దాటి వస్తాడు. అప్పుడే తెలిసిపోతాది. తెలిస్తే ఏమి, వచ్చిన మనిషికి కాఫీ ఇయ్యొద్దా? రోజూ పొయ్యి మీదనుంచి దించే ఏలకే నువ్వు గావుకేక పెడితివి. నువ్వు మానేసినంక రెండు తూర్లు తాగి పోయినాడు."

నన్ను పుట్టింటికి పంపాలని ఆమె ఎందుకంత పట్టుబట్టిందో అప్పుడు అర్థమైంది. కొడుకు నిద్ర కోసమని చెప్పింది, అబద్ధమేమీ కాదు. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఏం చెయ్యాలో తోచక, కాఫీ పెట్టనా అత్తా అన్నాను.

వద్దంది. చాప మీద మళ్ళీ వాలి, గోడవైపు తిరిగి, కొంగు మొహంమీదికి లాక్కుంది. నేను లేచి లోపలికి పోబోతుంటే ఆ కొంగు కిందినుంచే చెప్పింది.

"తలుపు గట్టిగా ఎయ్యొద్దు. ఆయన ఇంకా శానా దూరం పోయుండడు."