ముందుగా తన ఇల్లే చీకటి చేసుకున్న ఖాసిం సార్

ఆ రోజుకు ముసురు ఇంకా వదలలేదు. మహబూబాబాద్ దవాఖానలో మా ఖాసిం సార్ గుండె ఆగిందన్న వార్త నర్సింహులపేట దారిలో, బస్సులో ఉండగా విన్నాను. ఎక్కడ దిగానో కూడా గుర్తులేదు.

బడిలో మాకు భౌతికశాస్త్రం బోధించిన ఆ మహనీయుడు, పదవీ విరమణ తర్వాత మా వాడ ఉమ్మడి సోలార్ బ్యాటరీ బాధ్యతను భుజాన వేసుకున్నారు. పిండిగిర్నీ, మోటార్లు మిట్టమధ్యాహ్నమే నడవాలన్నది ఆయన శాసనం. ఓసారి ఒక నాయకుడి పుట్టినరోజుకు డీజే పెడతామంటే సంతోషంగా ఒప్పుకుని, పొద్దు గూకగానే లైను ఆపేశారు. ఎగురుతున్న వాళ్లు ఎగురుతూనే నిలబడిపోయారు. అలిగిన నాయకుడికి తానే చాయ్ పోసి, “ఎండల దాచుకోవాలె, ముసురుల పంచుకోవాలె. మనోళ్లది అంతా ఉల్టా” అన్నారు.

మబ్బు పట్టి బ్యాటరీ తగ్గితే కొన్ని ఇళ్లకు కరెంటు ఆపక తప్పదు. ప్రతిసారీ మొదట ఆగేది సార్ ఇల్లే. ఆయనకు మధుమేహం. ఫ్రిజ్‌లో ఉండాల్సిన ఇన్సులిన్ సీసాను, తడిగుడ్డ చుట్టిన కుండలో పెట్టుకునేవారు. అది మాకందరికీ తెలుసు.

“మీ ఇల్లు ఒక్కటన్న ఉంచుకోండ్రి సార్” అని మొన్నటి ముసురులోనూ అన్నాను.

“నా ఒక్క ఇంటికి ఉంచుకుంటే, ఎవలి ఇల్లు బంద్ చెయ్యమని అడగాలె బిడ్డా?” అన్నారు.

నేను మర్యాదకు అన్నాను, ఆయన మనస్ఫూర్తిగా కాదన్నారు. సోలార్ కమిటీ కార్యదర్శిగా బ్యాటరీ షెడ్డు తాళం నా దగ్గరే ఉంది. ఆ పూట మా ఇంట్లో టీవీ నడుస్తూనే ఉంది. ఆయన మరణానికీ ఇన్సులిన్‌కూ సంబంధం లేదని డాక్టర్లు చెప్పారు. ఆ మాటను పట్టుకుని నిద్రపోదామని చూస్తున్నాను, నిద్ర రావడం లేదు.

నిన్న మళ్లీ మబ్బు కమ్మింది. ముందుగా ఎవరి ఇల్లు ఆపాలో తేల్చడానికి షెడ్డు దగ్గర కూర్చున్నాం. భర్త పోయాక పాటించే ఇద్దత్‌లో ఉండి గడప దాటని సార్ భార్య రజియమ్మ, పక్కింటి అక్కతో కబురు పంపారు: “సార్ ఉన్నప్పటి లెక్కనే మా ఇల్లు ముందుగాల బంద్ చెయ్యుండ్రి.”

ఆ మాట వినగానే మాకందరికీ ప్రాణం తెరిపిన పడింది. నాకూ పడింది. ఆ క్షణాన నా మీద నాకు పుట్టిన అసహ్యం ఇంత అని చెప్పలేను. లేచి వెళ్లి మా ఇంటి లైను ఆపి వచ్చాను. తర్వాత ఎవరని అడిగితే అందరూ నేల చూపులే.

గురువర్యా, మీ లోటు తీర్చే మనిషి మాలో లేడు. మీకు మొక్కుతున్న ఈ చేతులతో, మీరు వద్దన్నా సరే, మీ ఇంటి లైను వేసి ఉండాల్సింది.