శాలువా కప్పి నోరు మూయించాం

మనవాళ్లకి ఒక జబ్బుంది. పెద్దమనిషి ఎవరైనా దొరికితే చాలు, శాలువా కప్పి, కుర్చీలో కూలేసి, ఆయన ఎదురుగా మనం మాట్లాడతాం. ఐర్లండ్ వచ్చినా అది తగ్గలేదు సరికదా, ఈ చలికి ఇంకాస్త ముదిరింది. దానికి బలైనవాడు షానన్‌లో మా పక్కింటి ముసలాయన.

ఆయన ఇంగ్లండువాడు, కమెడియన్. కుర్రతనంలో లండన్‌లో ఓ చవక బారు వెనకగదిలో మైకు పట్టుకుని ప్రభుత్వాన్ని దుమ్మెత్తి పోసేవాడు. అప్పటిదాకా అక్కడి కమెడియన్లు అత్తగార్ల మీదా, ఐరిష్‌వాళ్ల మీదా, మనలాంటి రంగువాళ్ల మీదా జోకులేసి బతికేవాళ్లట. ఈయనా, ఈయన జతగాళ్లూ ఆ జోకులు మానేసి పైనున్నవాళ్ల మీద పడ్డారు. దానికి ఆల్టర్నేటివ్ కామెడీ అని పేరు పెట్టారు. జనం సీసాలు విసిరారు. తర్వాత టీవీవాళ్లు పిలిచి ఓ సిరీస్ ఇచ్చారు. లైవ్‌లో ఓ మంత్రిని పట్టుకుని అనకూడని మాట అనేసరికి వాళ్లే మెడపట్టి గెంటారు. ఈయనతో మొదలుపెట్టినవాళ్లు తర్వాత్తర్వాత ఇన్సూరెన్స్ ప్రకటనల్లో పళ్లికిలిస్తూ కనిపించారు. ఈయన మాత్రం రాచవారి పతకం ఇస్తామన్నా వద్దన్నాడు. "తిట్టినవాళ్ల ముందు వంగాలంటే నా నడుం ఒప్పుకోలేదమ్మాయ్" అనేవాడు. ఇక్కడి అమ్మాయిని పెళ్లాడి, ఆవిడ ఊరికి దగ్గరని షానన్ వచ్చి, ఆవిడ పోయాక కూడా ఇక్కడే ఉండిపోయాడు.

నేను వైద్య పరికరాల కంపెనీలో క్వాలిటీ చూస్తాను. పొద్దస్తమానం తప్పులు పట్టడమే నా ఉద్యోగం. ఆయన ఉద్యోగమూ అదే కాబట్టి మా ఇద్దరికీ భలే కుదిరింది. మా అమ్మాయి ఆయన పాత వీడియోలు చూసి, "అమ్మా, హీ ఈజ్ గ్యాస్!" అంది. ఇక్కడి పిల్లల భాషలో అంటే భలే నవ్విస్తాడని. మా ఇంట్లో దానికి తెలుగు అర్థమవుతుంది గానీ నోట్లోంచి మాత్రం ఐర్లండే వస్తుంది.

పోయిన ఏడు చలికాలంలో ఆయన గొంతులో గడ్డ ఉందని తేలింది. స్వరపేటిక మొత్తం తీసెయ్యాలన్నారు. ఉగాది దాటిన వారంలోనే ఆపరేషన్. ఆ తర్వాత మాట ఉండదు. ఆ సంగతి చెప్పి, మా వంటింట్లో గిన్నెల ప్రెస్‌కి, అంటే అల్మారాకి, ఆనుకుని నిలబడి, ఓ కోరిక కోరాడు.

"మీ పండగలో నాకో ఇరవై నిమిషాలిస్తారా? ఇక్కడ పబ్బులవాళ్లకి నేను పాతబడిపోయాను. నా జోకులు ఒక్కటీ విననివాళ్లు మీరే మిగిలారు. గొంతుండగా ఒక్కసారి హాలంతా నవ్వగా వినాలి."

అంతే ఆయన అడిగింది. నేను ఎగురుకుంటూ వెళ్లి మా తెలుగు సంఘం ప్రెసిడెంటుగారికి చెప్పాను. ఆయన మంచివాడే. కాకపోతే మైకు దొరికితే మనిషి మనిషి కాడు.

"ఇంగ్లండ్ టీవీ ఆర్టిస్టా! ఇంకేం తల్లీ, చీఫ్ గెస్టుగా పెట్టేద్దాం" అన్నాడు.

"చీఫ్ గెస్టు వద్దండీ. ఇరవై నిమిషాలు మైకిస్తే చాలు."

"అట్టెట్టా? అంత పెద్దాయన్ని ఉత్తినే మాట్లాడించి పంపిస్తే మన పరువేం కాను?"



ముసలాయన నెలరోజులు తయారయ్యాడు. మా ఇంటికొచ్చి గుత్తొంకాయ తింటూ మా గురించి ఆరాలు తీశాడు. చెప్పులు ఎందుకు విప్పుతారు, వెళ్లొస్తామని చెప్పి గుమ్మంలో గంటసేపు ఎందుకు నిలబడతారు, అన్నీ అడిగాడు. మా అమ్మాయి ముందు చేసి చూపించి, అది నవ్వని చోటల్లా మార్చుకున్నాడు.

ఉగాది సంబరాలు మధ్యాహ్నం మూడింటికి. ఆరింటికల్లా హాలు ఐరిష్ డ్యాన్సు క్లాసువాళ్లకి అప్పగించాలి. ముసలాయన్ని స్టేజి మీద ఎర్ర మఖమలు కుర్చీలో కూర్చోబెట్టారు. దీపం వెలిగించారు. ప్రార్థన పాడారు. ప్రెసిడెంటుగారు శాలువా కప్పి, దండేసి, 'హాస్య మార్తాండ' అని బిరుదిచ్చి, ఇంటర్నెట్‌లో దొరికిన ఆయన జీవిత చరిత్రంతా ఆయనకే చదివి వినిపించారు. పతకం కాదన్న సంగతి కూడా చదివి, పతకం లాంటి మెమెంటో చేతిలో పెట్టారు. తర్వాత స్పాన్సర్లు లేచారు. ఇళ్ల లోన్లు ఇప్పించేవాడు, రెస్టారెంటువాడు, డబ్లిన్ పక్కనున్న ఆడమ్స్‌టౌన్ నుంచి పనిగట్టుకుని వచ్చిన సోదర సంఘం పెద్ద. ప్రతివాడూ "సమయాభావం వల్ల రెండే రెండు ముక్కల్లో ముగిస్తాను" అనడం, పావుగంట తినడం. నేను కింద నుంచి గడియారం చూపిస్తూనే ఉన్నాను. ప్రెసిడెంటుగారు నాకేసి చూసి నమస్కారం పెట్టారు.

ముసలాయన చేతికి మైకు వచ్చేసరికి ఆరు కావస్తోంది. బయట బిర్యానీ గిన్నెల మూతలు తీసేశారు. వెనక సగం హాలు లేచిపోయింది. ముందు సగం భక్తిగా కూర్చుంది.

"వచ్చే వారం నా గొంతు కోస్తున్నారు" అని మొదలుపెట్టాడు. "ఒకప్పుడు మంత్రులు ఎంత ఖర్చయినా పెట్టి చేయిద్దామనుకున్న పని. ఇప్పుడు ఆసుపత్రివాళ్లు ఊరికే చేస్తున్నారు. అదీ వరసలో నిలబడితేనే."

ఒక్కడు నవ్వితే ఒట్టు. ముందు వరసలో ఓ ఆంటీ "అయ్యయ్యో, రామ రామ" అని లెంపలేసుకుంది. ఇంకొకాయన గౌరవంగా చప్పట్లు కొట్టాడు. నాకు ఏడుపొచ్చింది. శాలువా కప్పుకున్న పెద్దమనిషిని చూసి నవ్వడమేంటని మనవాళ్ల బెంగ!

ఆయన క్షణంలో పట్టేశాడు. శాలువా తీసి, పక్కనే నిలబడ్డ ప్రెసిడెంటుగారి భుజాల మీద కప్పాడు.

"ఇది తమకే చెందాలి. నేను ఇన్నేళ్లు స్టేజి మీద బతికాను గానీ, ఒక్క నవ్వు కూడా రాకుండా ఇంతసేపు నిలబడే ధైర్యం నాకెప్పుడూ లేకపోయింది."

ప్రెసిడెంటుగారు తల వంచి, రెండు చేతులూ జోడించి, "థాంక్యూ సర్, థాంక్యూ" అన్నారు.

హాలు పగలబడి నవ్వింది. ఆంటీ కొంగు నోట్లో కుక్కుకుంది. బయటికెళ్లినవాళ్లు పళ్లేలతో వెనక్కి పరిగెత్తుకొచ్చారు. ముసలాయన మొహంలోకి వెలుగొచ్చింది, వీపు నిటారుగా లేచింది. గుమ్మం దగ్గర గంటసేపు వీడ్కోళ్ల జోకు చెప్తే జనం కుర్చీల మీద పడి దొర్లారు. ఒరే దేవుడా, ఇంకో పది నిమిషాలివ్వరా అనుకున్నాను.

"నేను పైకి పోయాక మా ఆవిడ కనిపిస్తుంది కదా" అని గొంతు తగ్గించాడు. పళ్లేలవాళ్లు నమలడం మానేశారు. "జీవితమంతా నోరు మూసుకోమని మొత్తుకున్న మనిషి. ఇప్పుడు మాటపోయిన మొగుణ్ణి చూసి ఆవిడేమంటుందంటే..."

ప్రెసిడెంటుగారు మైకు లాక్కున్నారు. "సమయాభావం వల్ల సర్‌కి కృతజ్ఞతలు తెలుపుకుంటూ... భోజనాలు చల్లారిపోతున్నాయి, గ్రూప్ ఫొటోకి అందరూ స్టేజి మీదకి రావాలి!"

వచ్చారు. అందరూ వచ్చారు.

ఇంటికొచ్చేటప్పుడు కారులో అడిగాను, "ఆవిడేమంటుందండీ?" అని.

"జనం ముందు చెప్తేనే అది జోకు" అన్నాడు. "ఇక్కడ చెప్తే ఏడుపు."

ఆపరేషన్ బాగానే జరిగింది. బతికాడు. మాట పోయింది. కారులో అన్న మాటలే నేను విన్న చివరి పెద్ద మాటలు. ఆ జోకు చివర ఇప్పటికీ నాకు తెలియదు.

దీపావళి ముందు ప్రెసిడెంటుగారి ఫోను.

"మన హాస్య మార్తాండగారు కులాసానా? ఈసారి కూడా పిలుద్దాం తల్లీ. జనానికి బాగా నచ్చాడు. పైగా ఇప్పుడాయన మాట్లాడ్డానికి టైమ్ కేటాయించక్కర్లేదు కదా, ప్రోగ్రాం సాఫీగా అయిపోద్ది."

నాకు ఒళ్లు మండిపోయింది. "మీకు సిగ్గుందా అసలు?" అని ఫోను పెట్టేసి, చెప్పులైనా వేసుకోకుండా పక్కింటికి పోయి, ఆ మాట ఉన్నదున్నట్టు ఆయనకి చెప్పాను. నాతోపాటు ఆయనా మండిపడతాడని, కనీసం పిడికిలైనా బిగిస్తాడని.

కడుపు పట్టుకుని నవ్వాడు. చప్పుడే లేదు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి, కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. తర్వాత నాకు అర్థమయ్యేలా, పెదవులతోనే, ఒక్కొక్క ముక్కా విడదీసి చెప్పాడు:

"ఆ మాట స్టేజి మీద నేను అనుంటే, హాలు దద్దరిల్లిపోయేది."